చల్లు అన్నది ముందా, వెనకా

మఖ కార్తె, ఎనిమిదో రోజు

ఈ రోజు రెండో మబ్బును కూడా పోగొట్టుకున్నాం. పోగొట్టుకోవడమంటే అదెక్కడికీ పారిపోలేదు, బోడికొండ మీద శుభ్రంగా కురిసింది. బోడికొండ మీద బండలు, ముళ్ళపొదలు, ఓ అరవై మేకలు తప్ప ఇంకేమీ లేవు. మొదటి మబ్బు కూడా అక్కడే కురిసింది. ఆ మేకలకు మా మీద ఈపాటికి బాగా గురి కుదిరి ఉంటుంది.

వాన పడాల్సింది చిన్నబోయనకుంటలో. కొండ దాటాక మా బండికి పది నిమిషాల దూరం. మూడువేల ఎకరాల వేరుశనగ ఉంది, నలభై రోజులుగా చినుకు లేదు. చెట్లకు ఊడలు దిగే సమయమిది. నేల మెత్తబడకపోతే ఊడ లోపలికి దిగదు, ఊడ దిగకపోతే కాయ లేదు. ఆ ఊరి వంతుకు వచ్చేవి మూడే మబ్బులు. రెండు మేకల పాలయ్యాయి, ఒకటి మిగిలింది.

మబ్బుల వెంట ఎగిరే మా గాలిబుడగ బండి పేరు గంగిరెద్దు. గాలికి ముక్కు పైకీ కిందికీ ఊపుకుంటూ పోతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. ఇందులో నలుగురం ఉంటాం. ముందు అద్దం దగ్గర కూర్చుని మబ్బు నాడి చూసేది తిప్పక్క. వెనక వేడి దీపాలు మండించి మబ్బును తోలేది ఎర్రిస్వామి. ఉప్పు గొట్టాలూ, వంటా హుసేన్‌బీ చూసుకుంటుంది. మధ్య కుర్చీలో కూర్చుని ‘చల్లు’ అనేది నేను, కుళ్ళాయప్ప, ఈ జట్టుకు మందపెద్దను. బండిని నడిపే కంప్యూటర్ పెట్టెకు అన్ని పనులూ వచ్చు కానీ ఆ ఒక్క మాట అనే హక్కు లేదు. మబ్బులో ఉప్పు ఎప్పుడు చల్లాలో మనిషి నోటితోనే చెప్పాలని చట్టం. చల్లిన ఇరవై నిమిషాలకు వాన దిగుతుంది. పదకొండేళ్ళుగా ఈ బండిలో ఆ మాట నాదే.

కిందికి దిగాక ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగాను.

“ఈ పొద్దు పని ఎట్లుంది?”

“పర్వాలేదు న్నా,” అంది తిప్పక్క.

“పర్వాలేదు,” అన్నాడు ఎర్రిస్వామి.

హుసేన్‌బీ చెంబు తోముతూ, “ఏం పర్వాలేదులే న్నా,” అంది.

ఊరి వాన మొత్తం కొండకు పోసి వచ్చాం. అయినా పర్వాలేదట.

సాయంత్రం గంగులమ్మ అవ్వ రేడియోలో పిలిచింది. చిన్నబోయనకుంటలో ఐదెకరాల రైతు, డెబ్భై దాటిన మనిషి. ఊరి రేడియో ఆమె వసారాలోనే ఉంటుంది.

“ఏం కుళ్ళాయప్పా, మబ్బు యాడుండాది?”

“కురిసిందవ్వా.”

“యాడ కురిసింది?”

“బోడికొండ మింద.”

“మల్లీ ఆ కొండ మిందేనా? ఆ మేకలు నీకేమన్నా సుట్టాలా నాయనా?”

తర్వాత నాలుగు నిమిషాలు ఆమె ఊపిరి తీసుకోకుండా తిట్టింది. నేను చేసిన పని గురించి నాతో అంత వివరంగా మాట్లాడే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

మఖ కార్తె, తొమ్మిదో రోజు

పొద్దున్నుంచీ గొట్టాలు కడిగాం. ఉప్పు గడ్డ కడితే పుల్ల పెట్టి పొడవాలి, పొడిస్తే గొట్టం గీరుకుపోతుందని హుసేన్‌బీ గోల. బండి గుడ్డకు రెండు చోట్ల మాసికలు వేశాం. ఎర్రిస్వామి వేసిన మాసిక వంకరగా వచ్చింది. ఎట్లుందని నన్నడిగాడు. పర్వాలేదన్నాను.

పదకొండింటికి వంతుల కార్యాలయం నుంచి సువర్చల మేడమ్ పిలిచారు. మబ్బుల పంపకం ఆవిడ చేతిలో ఉంటుంది. ఏలూరు వైపు మనిషి, ఎంత కోపమొచ్చినా ‘అండీ’ వదలరు.

“కుళ్ళాయప్ప గారూ, రెండు మబ్బులూ ఒకే కొండ మీద పడ్డాయండీ. కారణం ఏంటంటారు?”

“గాలి, మేడమ్.”

“గాలి లెక్కలు నా ముందే ఉన్నాయండీ. గాలి శుభ్రంగా ఉంది. మీ జట్టు ఏమంటోంది?”

“పర్వాలేదంటాంది మేడమ్.”

అటు వైపు కాగితాలు తిప్పిన చప్పుడు.

“మీ బండి నుంచి ఈ నలభై రోజుల్లో ఆ మాట రెండొందల పద్నాలుగు సార్లు వచ్చిందండీ. పెట్టె లెక్కపెట్టింది. బాగున్నా అదే మాట, బాగోకపోయినా అదే మాట. నేనేం అర్థం చేసుకోవాలి చెప్పండి?”

తర్వాత అసలు సంగతి చెప్పారు. పుబ్బ కార్తె మొదటి రోజుకల్లా తప్పు ఎక్కడ జరుగుతోందో మా జట్టు తన నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే మూడో మబ్బును ఇంకో బండికి ఇచ్చేస్తారు. చిన్నబోయనకుంట దారి తెలిసిన బండి మాదొక్కటే కాబట్టి ఆ మబ్బు వేరే తాలూకాకు పోతుంది.

“మూడోది కూడా బండల మీద పోయించలేను కదండీ. జట్టును అడగడానికి ప్రశ్నల కాగితం పంపిస్తున్నాను, వాడుకోండి.”

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అదే నాకు మంటగా ఉంది.

మఖ కార్తె, పదో రోజు

ప్రశ్నల కాగితం వచ్చింది. మొదటి ప్రశ్న ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘మీ సహోద్యోగి యొక్క కార్యనిర్వహణ పట్ల మీ యొక్క నిర్మాణాత్మక స్పందనను నిస్సంకోచముగా తెలియజేయవలసినదిగా ప్రార్థన.’

ఎర్రిస్వామి దాన్ని రెండుసార్లు చదివాడు.

“ఎవురిది న్నా పెండ్లి?”

నాకు తెలిసినంతలో వివరించాను. ముగ్గురూ గంగిరెద్దుల్లా తల ఊపారు. నిస్సంకోచంగా తెలియజేయమన్నాను. అప్పటిదాకా సంకోచం లేనివాళ్ళకు కూడా ఆ మాటతో వచ్చేసింది. హుసేన్‌బీ కొంగు సర్దుకుంది.

రెండో ప్రశ్నలో పదికి మార్కులు వేయమన్నారు. తిప్పక్క అందరికీ ఎనిమిది వేసింది. హుసేన్‌బీ అందరికీ ఎనిమిది వేసింది. ఎర్రిస్వామి అందరికీ ఎనిమిది వేసి, జాగా మిగిలిందని టీ కెటిల్‌కి కూడా ఎనిమిది వేశాడు. నాకు వేసిన ఎనిమిదికి అర్థమేందని అడిగాను. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి తిప్పక్కే చెప్పింది.

“పర్వాలేదని న్నా.”

పెట్టెలో ఆ లెక్క రెండొందల ముప్పై దాటి ఉంటుంది.

మఖ కార్తె, పదకొండో రోజు

మొహం మీద చెప్పడానికి మొహమాటపడుతున్నారేమోనని ఖాళీ బిస్కట్ డబ్బాకు కన్నం చేసి పెట్టాను. పేరు రాయకుండా చీటీ వేయమన్నాను. నలుగురున్న బండిలో ఎవరి రాత ఎవరికి తెలియదు? అయినా ఆశ.

మధ్యాహ్నం డబ్బా తెరిస్తే మూడు చీటీలున్నాయి. ఒకటి, ‘అంతా బాగుంది.’ రెండోది, ‘అందరూ మంచోళ్ళు.’ మూడోది, ‘టీలో చక్కెర తక్కువ.’

హుసేన్‌బీ మూడో చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్రిస్వామి వైపు చూసింది.

“నేను రాయల్యా,” అన్నాడు ఎర్రిస్వామి, ఎవరూ అడగకముందే.

సాయంత్రం గంగులమ్మ అవ్వ పిలిచింది. మధ్యాహ్నానికి చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయట, పొద్దు వాలాక మళ్ళీ విచ్చుకుంటున్నాయట.

“ఇచ్చుకుంటాండాయి గాబట్టి నీకు ఫోను చేస్తాండా నాయనా. ఇచ్చుకోని దినం వస్తే ఇంగ చేసి ఏం లాభం?”

రేడియోను ఆమె ఫోను అనే అంటుంది. నేను సరిదిద్దలేదు.

మఖ కార్తె, పన్నెండో రోజు

ఈ రోజు భోజనం దగ్గర ఒక విషయం జరిగింది. చిన్నదే కానీ మరిచిపోకముందే రాయాలి.

సంగటి, పుంటికూర పప్పు. హుసేన్‌బీ వడ్డిస్తూ అడిగింది.

“ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా?”

“రవంత తక్కువ,” అంది తిప్పక్క వెంటనే.

“ఉప్పు సరిపోయింది. కారం ఎక్కువ,” అన్నాడు ఎర్రిస్వామి.

“సంగటి?”

“గట్టిగైంది,” ఇద్దరూ ఒకేసారి అన్నారు.

హుసేన్‌బీ పప్పులో ఉప్పు కలిపి, రేపు సంగటికి ఇంకో గ్లాసు నీళ్ళు పోస్తానంది. ఎవరూ అలగలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయాను. వీళ్ళే కదా నాలుగు రోజులుగా నన్ను ఎనిమిది మార్కులతో చంపుకు తింటున్నది!

“నీతో ఎందుకు పర్వాలేదనలేదు వీళ్ళు?” అని హుసేన్‌బీని అడిగాను.

“ఎట్లుందని అడిగితే ఎవురైనా బాగుందనే అంటారు న్నా. మొగానికి మొగం పెట్టి ఇంకేమంటారు? నేనట్ల అడగను. ఎక్కువా, తక్కువా అంటా. రెండు తలుపులు తీసి పెడితే యాదోకదాంట్లో దూరల్ల కదా.”

ఆవిడ ఇన్నేళ్ళుగా రోజుకు రెండుసార్లు అడుగుతున్న ప్రశ్న అది. నేను తింటూనే ఉన్నాను, వినలేదు.

చేయి కడుక్కోగానే ఎర్రిస్వామిని పట్టుకున్నాను.

“మొన్న కొండ దగ్గర కుడి పక్క దీపాలు ఎక్కువ మండినాయా, ఎడమ పక్కవా?”

“కుడి పక్కవి న్నా. రెండు ఎక్కువ పెట్టినా. మబ్బు ఎడమకి జారింది, మల్లా సరిచేసినా.”

పదకొండేళ్ళలో ఎర్రిస్వామి నోటి నుంచి పని గురించి ఇన్ని మాటలు వినలేదు. ఆనందం పట్టలేక, “రెండెందుకు ఎక్కువ పెట్టినావు?” అని అరిచాను.

వాడి మొహం మూసుకుపోయింది. “పర్వాలేదులే న్నా,” అని వెనక్కి వెళ్ళిపోయాడు.

హుసేన్‌బీ అంతా చూస్తూనే ఉంది.

“అడిగినోడు గమ్మునుండల్ల న్నా. నీకు చేతగాదు. నోట్లో నీల్లు పోసుకో.”

ఎగతాళికి అందో, నిజంగా అందో తెలియదు. నేను మాత్రం చెంబు ఎత్తి పుక్కిట నిండా పోసుకున్నాను, ఎర్రిస్వామి దగ్గరికెళ్ళి నిలబడి చేత్తో సైగ చేశాను. వాడు ఒక నిమిషం నవ్వాపుకున్నాడు, తర్వాత చెప్పుకొచ్చాడు. కుడి పక్క మూడో దీపం సరిగా అంటుకోవడం లేదట. ఆర్నెల్లుగా! దానికి బదులు పక్కవి రెండు ఎక్కువ మండిస్తున్నాడట. ఇన్నాళ్ళూ ఏదడిగినా వాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. ఇప్పుడు ఆ పని నేను చేస్తుంటే వాళ్ళకు మాటలొస్తున్నాయి.

మఖ కార్తె, పదమూడో రోజు

పొద్దున్నే మూడో దీపం బాగు చేశాం. తర్వాత నలుగురం గుండ్రంగా కూర్చున్నాం. ఒక్కొక్కరు తన పని గురించి తనే అడగాలి. ప్రశ్న ఒక్క విషయం మీదే ఉండాలి, దానికి రెండు కొసలుండాలి. అడిగినవాళ్ళు నోట్లో నీళ్ళు పోసుకుని, అందరూ చెప్పేదాకా మింగకూడదు. ఇవి ఎవరూ రాసిన నియమాలు కావు, ఒకరు ఒకటి అంటే ఇంకొకరు ఇంకొకటి కలిపారు.

ముందు హుసేన్‌బీ. గొట్టాలు తిప్పేది జోరుగానా, నిదానంగానా? నిదానం, అంది తిప్పక్క. మూత తీశాక ఉప్పు రావడానికి ఆరు సెకన్లు పడుతోంది. తర్వాత తిప్పక్క. మబ్బు సంగతి చెప్పేది మెల్లగానా, గట్టిగానా?

“మెల్లగ,” అన్నాడు ఎర్రిస్వామి. “ఎనకల నాకు సగం ఇనపడదక్కా. మిగిలిన సగం ఊహించుకుంటాండా.”

తిప్పక్క పుక్కిట్లో నీళ్ళతో కళ్ళు పెద్దవి చేసింది. అందరం నవ్వాం. చాలా కాలానికి మా బండిలో నవ్వు వినిపించింది. ఆ ఊపులో నేను కూడా అడిగేశాను.

“నేను చల్లు అన్నది ముందా, వెనకా?”

అని నోరు నింపుకున్నాను.

నవ్వు ఆగిపోయింది. ఎర్రిస్వామి గోళ్ళు చూసుకున్నాడు. హుసేన్‌బీ తిప్పక్క వైపు చూసింది. తిప్పక్క లేచి, తన సీటు కింద నుంచి చిన్న నోటుబుక్కు తెచ్చింది.

“ముందు,” అంది. “మొదటి మబ్బుకు పదకొండు నిమిషాలు ముందు. రెండోదానికి తొమ్మిది నిమిషాలు ముందు. పోయినేడు ఆరు మబ్బులు తోల్తిమి. నాలుగు ముందే.”

నీళ్ళు ఎక్కడో అడ్డం తిరిగాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. హుసేన్‌బీ వీపు మీద చరిచింది. దగ్గు తగ్గాక నోరు ఖాళీగా ఉంది కాబట్టి అరిచాను.

“మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్యారు?”

“వన్నూరప్ప చెప్పె కదన్నా,” అంది తిప్పక్క.

వన్నూరప్ప ఆమెకు ముందు ఆ సీటులో ఉన్నవాడు. మూడేళ్ళ కిందట ఒకరోజు దిగాక, “ముందైంది న్నా” అన్నాడు. నేను నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. వేరుగా కూర్చుని తిన్నాను. ఐదో రోజు అతను బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. ఆరోగ్యం బాగాలేక వెళ్ళాడని నేను అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. ఎర్రిస్వామి, హుసేన్‌బీ మాత్రం ఆ నాలుగు రోజులూ చూశారు, పాఠం నేర్చుకున్నారు, తిప్పక్క రాగానే ఆమెకూ నేర్పారు.

బండి వెనక ఉప్పు మూటల మీద కూర్చుని సాయంత్రం దాకా అలిగాను. యాభై నాలుగేళ్ళ మనిషిని, సిగ్గు లేకుండా రాస్తున్నాను. తిప్పక్క మీద కోపం, నోటుబుక్కు మీద కోపం. అలక కాస్త చల్లబడ్డాక నిజం ఒప్పుకోక తప్పలేదు. నేను మందపెద్దనైన రెండో ఏట ఒకసారి చల్లు అనడం ఆలస్యమై, మబ్బు నల్లగుట్లపల్లి మీదుగా ఒక్క చుక్క రాల్చకుండా పోయింది. ఊరంతా మిద్దెలెక్కి తలెత్తి చూస్తూ నిలబడ్డారు. అప్పటి నుంచి కొండ కనిపించగానే నాకు భయం పుడుతుంది, ఈ మబ్బు కూడా దాటిపోతుందేమోనని. ఆ భయాన్ని ఇన్నేళ్ళూ అనుభవం అనుకున్నాను.

పుబ్బ కార్తె, మొదటి రోజు

రిపోర్టు నా చేత్తోనే రాశాను. మేం అడిగిన రెండు కొసల ప్రశ్నలు, దీపం, గొట్టం, తిప్పక్క మెల్లగా మాట్లాడటం, చివర్లో నా పదకొండు, తొమ్మిది నిమిషాలు. సువర్చల మేడమ్ చదివి వెంటనే పిలిచారు.

“ఏ బండీ ఇంత విడమరిచి రాయలేదండీ. మా ప్రశ్నల కాగితం బాగా పనికొచ్చినట్టుందే!”

“కాగితం మంచిదే మేడమ్,” అన్నాను.

“మంచిదంటే, ఉపయోగపడిందా, పడలేదా అండీ?”

ఎంత త్వరగా నేర్చుకున్నారో!

“పడల్యా మేడమ్,” అన్నాను. ఆవిడ నవ్వారు. రేపటి మబ్బు మాదేనన్నారు. కొండ దగ్గర ఓ పది నిమిషాలు ఆగుతారుగా అని అడిగారు. ఆగుతానన్నాను.

సాయంత్రం గంగులమ్మ అవ్వ పిలిచింది.

“ఈ పొద్దు ఆకులు ఇచ్చుకోలేదు కుళ్ళాయప్పా,” అంది.

అంతే అంది. మేకల మాట ఎత్తలేదు, నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం ఇదే మొదటిసారి.

పుబ్బ కార్తె, రెండో రోజు

తొమ్మిదింటికి పడమటి మేర దగ్గర మబ్బు అప్పగించారు. చూడిగేదె లాంటి మబ్బు. నల్లగా, బరువుగా, తోలితే కదులుతుంది, తోలకపోతే నిలబడుతుంది. మూడో దీపం బాగైంది కాబట్టి ఎర్రిస్వామి దాన్ని తాడు కట్టి నడిపించినట్టు నడిపించాడు. తిప్పక్క గొంతు బండంతా వినిపించింది. ఆమెకు అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు.

కొండ కనిపించడానికి ఇంకా అరగంట ఉండగా నా నాలుక కదలడం మొదలైంది. ఆగుతానని మేడమ్‌కి మాటిచ్చాను. ఆ మాట నిలబడదని నాకు కుర్చీలో కూర్చోగానే తెలిసిపోయింది. తెలిసినప్పుడు అడగాలి కదా.

“ఈ పొద్దు చల్లు అనేది నేనా, తిప్పక్కా?” అని అడిగి, నోరు నింపుకున్నాను.

“తిప్పక్క,” వెనక నుంచి ఎర్రిస్వామి గొంతు.

“తిప్పక్కే న్నా,” అంది హుసేన్‌బీ.

తిప్పక్క అద్దం మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

“నేనే,” అంది.

ఒక్కరైనా ‘నువ్వే న్నా’ అంటారని లోపల ఎక్కడో ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. నీళ్ళు మింగేసి పెట్టె దగ్గరికి వెళ్ళాను. పెట్టె ఒక్క గొంతునే గుర్తుపడుతుంది. గొంతు మార్చాలంటే మందపెద్ద మారాలి. ఒక గంటకు మార్చి మళ్ళీ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

“మందపెద్ద మార్పు శాశ్వతము. సమ్మతమేనా?” అని పెట్టె అడిగింది.

చిన్నబోయనకుంటలో ఆకులు ముడుచుకునే ఉన్నాయి. పదకొండేళ్ళ కుర్చీ ఒక పక్క, అవ్వ ఐదెకరాలు ఒక పక్క. పెద్దగా ఆలోచించానని చెప్పుకోవడానికి కూడా లేదు.

“సమ్మతమే,” అన్నాను.

తిప్పక్క పెట్టె ముందు తన పేరు చెప్పి మళ్ళీ అద్దం దగ్గరికే పోయింది. మధ్య కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. నేను హుసేన్‌బీ పక్కన ఉప్పు మూట మీద సర్దుకున్నాను.

కొండ కనిపించింది. నా ఒళ్ళంతా ‘చల్లు’ అంటోంది. మళ్ళీ నోరు నింపుకున్నాను. ఒక నిమిషం, మూడు, ఐదు. మబ్బు దాటిపోతోందని నాకు ఖాయంగా అనిపించింది. హుసేన్‌బీ నా మోకాలు మీద చేయి వేసి నొక్కి పట్టింది. ఏడు, ఎనిమిది. కొండ అద్దం నిండా వచ్చేస్తోంది.

“చల్లు,” అంది తిప్పక్క. మామూలుగా, ఎవరినో గ్లాసు అందివ్వమన్నట్టు.

ఈసారి గొట్టాలు ఒక్క సెకనులో పలికాయి. బోడికొండ మీదుగా పోతున్నప్పుడు కిందికి చూశాను. ఒక్క చుక్క పడలేదు. కొండ దాటాక కూడా పడలేదు. ఐదు నిమిషాలు పడలేదు. నాకు నల్లగుట్లపల్లి మిద్దెలు కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడు రేడియో పలికింది. గంగులమ్మ అవ్వ వసారా నుంచి. మాట లేదు, ఎవరో మైకు నొక్కి పట్టుకున్నారు. మొదట టప్ టప్ మని ఒకటి రెండు, తర్వాత రేకుల మీద ఒకటే హోరు. ఎర్రిస్వామి వెనక నుంచి కేక పెట్టాడు. హుసేన్‌బీ కొంగుతో మొహం మూసుకుంది. నేను నోట్లో నీళ్ళు ఎప్పుడు మింగానో నాకు తెలియదు, ఏడుస్తున్నాను.

ముప్పై నాలుగు మిల్లీమీటర్లు.

పుబ్బ కార్తె, ఐదో రోజు

ఊడలు దిగుతున్నాయని కబురొచ్చింది. ఒక చెట్టు పీకి చూశానని, ఇంకోటి పీకబోతే కోడలు తిట్టిందని గంగులమ్మ అవ్వ చెప్పింది. ఆమె పిలిచింది తిప్పక్కను. నన్ను ఊరికే బాగుండావా అని అడిగింది.

ఇంక మిగిలింది నా సంగతి. మందపెద్ద మారితే జట్టు ఎంపిక కొత్త పెద్దది. తిప్పక్క సీటుకు కొత్త మనిషిని కార్యాలయం పంపిస్తోంది. ఎవరి దయా లేకుండా తేల్చుకోవాలని భోజనాలయ్యాక అడిగాను.

“నన్ను బండిలో ఉంచుతావా, దించుతావా?”

నోరు నింపుకున్నాను. ఈసారి నీళ్ళు చేదుగా ఉన్నాయి.

తిప్పక్క తొందరపడలేదు. పళ్ళెం కడిగి, బోర్లించి, వచ్చి కూర్చుంది.

“దించుతా న్నా,” అంది.

ఎర్రిస్వామి తల దించుకున్నాడు.

“బండిలో నీకు చేతకాని పని ఒగటే ఉండాది, ఆగేది. ఈడ అదే కావల్ల. కింద అట్ల కాదు. మనం చల్లేసి పైనే ఉంటాం. వాన యాడ పడిందో, ఎంత ముందు పడిందో, ఎంత ఎనక పడిందో కింద నుంచి చెప్పినోడు ఎవుడన్నా ఉండాడా? ఊరోల్లకు వాన పడితే చాలు, మొక్కుతారు. నాకు మొక్కేవాల్లు వద్దు. వాన పడిన నిమిషానికే నోరాపుకోలేనోడు కావల్ల. రేపట్నుంచి ఏ ఊరి వంతైతే ఆ ఊర్లో నువ్వుండల్ల.”

నీళ్ళు మింగడానికి చాలాసేపు పట్టింది. దించుతా అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. సరేనన్నాను.

ఉత్తర కార్తె, మూడో రోజు

కదిరప్పపల్లి. పంచాయతీ ఆఫీసు మిద్దె మీద నేనూ, ఒక రేడియో, ఒక గడియారం, వాన కొలిచే సీసా. గొడుగు ఇచ్చారు, తెరవలేదు.

మబ్బు నైరుతి మూల నుంచి వచ్చింది. దాని పక్కన చిన్న చుక్కలా గంగిరెద్దు, ముక్కు ఊపుకుంటూ. పదకొండేళ్ళు మబ్బులు తోలాను కానీ నేను తెచ్చిన వాన కింద ఒక్కసారి కూడా నిలబడలేదు. మొదటి చుక్క ముక్కు మీద పడింది, రెండోది గడియారం అద్దం మీద. చూస్తుండగానే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కింద వీధిలో జనం ఈలలేస్తున్నారు. సర్పంచు మిద్దె మీదికి చూసి చేతులు జోడించాడు.

రేడియో పలికింది.

“ముందా, ఎనకా?” అంది తిప్పక్క.

వీధిలో ఆడవాళ్ళు బిందెలు తెచ్చి చూరు కింద పెడుతున్నారు. ఇంత సంతోషంలో తప్పు చెప్పడానికి నోరు రాలేదు, బ్రహ్మాండం అనేద్దామనిపించింది. వీళ్ళు నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేకపోయారో అప్పుడు తెలిసింది.

గడియారం మీద నీళ్ళు తుడిచి చూశాను.

“ఎనక,” అన్నాను. “రెండు నిమిషాలు. పడమటి చేన్లు తడవలేదు. ఎనభై ఎకరాల దాకా ఉంటాది.”

ఆమె అలిగితే నేను చేయగలిగింది ఏమీ లేదు, బండి పైన ఉంది.

“రాసుకున్న్యా,” అంది తిప్పక్క. తర్వాత, “ఎందుకు ఎనకైందో కింద నుంచి నీకేమన్నా కనపడిందా న్నా?” అని అడిగింది.

ఆ కుర్చీలో పదకొండేళ్ళు కూర్చున్నాను. ఈ రెండో ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. వాన జోరుగా కొడుతోంది, వినపడదేమోనని రేడియోను నోటికి దగ్గరగా పెట్టుకుని, చెరువు వైపు నుంచి మళ్ళిన గాలి సంగతి మొదటి నుంచీ చెప్పాను. నేను చెప్పడం అయ్యేదాకా అవతల అందరూ గమ్మునున్నారు.